ఎదురేగి తెచ్చుకొన్న మాట

పెండ్లివారు పొలిమేర చేరగానే మేళతాళములతో ఎదురేగి విడిదికి తోడ్కొని వచ్చుట మన ఆచారము; దీనినే ఎదుర్కోలు అందుము. దూరపు పల్లెలకు నాడు రేడియో వచ్చినప్పుడు గాని, ఆపై టెలివిజన్ వచ్చినప్పుడు గాని, నేడు సెల్‌ఫోను సిగ్నల్ వచ్చునప్పుడు గాని, మాట తనంతట తాను గడప దాటి లోనికి రాలేదు. ఆ ఊరివారే వెదురుగడ పాతి, తీగ లాగి, ఇంటికప్పు మీదికెక్కి, దానికి ఎదురేగి తెచ్చుకొనిరి. ప్రసారకేంద్రములకు చరిత్రలున్నవి, తంతితపాలా శాఖకు చరిత్రలున్నవి. ఈ గడల చరిత్రకు మాత్రము రావలసిన చోటు రాలేదని నా తలంపు.

చెన్నపట్టణమున 1924లో రేడియో క్లబ్బు ప్రసారములు మొదలుపెట్టినది. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినవి. ఆ కాలమున పెట్టె కొన్నంత మాత్రమున పాట వినబడెడిది కాదు. పెరటిలో రెండు గడలు పాతి, వాని నడుమ రాగితీగ బిగించి, కొసలయందు పింగాణి గుడ్లు కట్టి, ఒక తీగను కిటికీగుండ పెట్టెలోనికి, మరియొక తీగను బావిగట్టు చెంతనున్న తడినేలలోనికి దింపవలసి యుండెను. పెరడు లేనివారు రాగితీగతో అల్లిన జాలరు పట్టీని వసారాలో గోడనుండి గోడకు కట్టుకొనెడివారు. 1933 నాటి చట్టము వలన పెట్టెకు లైసెన్సు తప్పనిసరియై, దాని రుసుము పోస్టాఫీసులో చెల్లింపవలసి వచ్చెడిది. తీగ ఎంత ఎత్తుననుండిన అంత మేలన్న సంగతి మార్కోనీ 1895లో ఇటలీలోని తన తండ్రి యింట కనుగొన్నదే: తీగ ఒక కొసను నేలలోనికి దింపి, రెండవ కొసను పైకెత్తగా, సంకేతము కొండ యవతలికి చేరినది. ఆ పేరు విననివారును మన పల్లెలలో గడకు గడ అతికి కట్టి ఎత్తు పెంచుకొనిరి. చెవికి వినబడిన తేడాయే వారికి గురువు.

ఎత్తు ఒక్కటే చాలదు. దిక్కు కూడ కావలెను. ఈ రెండవ రహస్యమును వెలువరించినవారు జపాను దేశమున సెండాయి నగరపు తొహోకు విశ్వవిద్యాలయమునకు చెందిన హిడెత్సుగు యాగి, శింతారో ఉడా అనువారు, కాలము 1926. నడుమ నొక అడ్డుకమ్మీ, దాని వెనుక కొంచెము పొడవైనదొకటి, ముందు వరుసగా కొంచెము పొట్టివైన మరికొన్ని, ఇంతియే ఆ నిర్మాణము. వెనుకనున్న కమ్మీ తరంగమును దాటిపోనీయక త్రిప్పిపంపును. ముందున్నవి దానిని చేతులు మార్చుకొనుచు నడుమకమ్మీకి అందించును. తీగ తగిలించునది ఆ ఒక్క నడుమకమ్మీకే, తక్కినవానికి తీగ యనునదే లేదు. 1942లో సింగపూరు జపానువారి వశమైనప్పుడు, అక్కడ చిక్కిన బ్రిటిషువారి రాడార్ కాగితములలో ‘యాగి’ యను మాట పదేపదే కనబడగా, అదియేమో తెలియక పట్టుబడిన సైనికుని అడిగిరనియు, అది మీ దేశస్థుని పేరేయని అతడు చెప్పగా విస్తుపోయిరనియు చెప్పుదురు. స్వదేశమునందే ఆ పేరు అంతగా మరుగుపడి యుండగా, మన డాబాలమీద చేపముల్లువలె ఏండ్లతరబడి నిలిచిన ఆ వస్తువును ఎవరు కల్పించిరో మనవారికి తెలియకపోవుటలో వింత లేదు.

తెలుగుపల్లెలు కొన్ని బొమ్మను పట్టుటకై తొలుత నిలిపినది మాత్రము చేపముల్లు కాదు, గొడుగు. 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరము, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము ద్వారా మన దేశమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ పాఠములు, వ్యవసాయ కార్యక్రమములు ప్రసారమయ్యెను. వానిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలును గలవు, కార్యక్రమముల భాషలలో తెలుగును గలదు, ఆ పెట్టెలు తయారైనదియు హైదరాబాదులోని ఈసీఐఎల్ కర్మాగారముననే. పది అడుగుల వెడల్పున, కోళ్లగూటికి వాడు ఇనుపవలతో చేసిన గొడుగును బడివద్దనో పంచాయతీ కచేరీవద్దనో నిలిపి, పడమటి ఆకాశమునకు మోము త్రిప్పి యుంచిరి. ఏలననగా ఉపగ్రహము ఆఫ్రికా ఖండము మీదుగా నిలిచియుండెను. అది పంపిన తరంగము సెకనుకు 86 కోట్ల కంపనములది. తరువాతి కాలమున సెల్‌ఫోనులకు కేటాయించిన 90 కోట్ల కంపనముల తరంగము దానికి ప్రక్కయింటిదే. ఈ ప్రసార ప్రయోగము 1976 జూలై 31న ముగిసినది. సరిగా పందొమ్మిదేండ్లకు, 1995లో అదే తేదీన, కలకత్తానుండి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాటలాడుటతో మన దేశమున సెల్‌ఫోను మొదలైనది. తేదీలు కాకతాళీయముగనే కలిసినను, ఈ రెంటిని ఒకచోట చేర్చి తలచుకొనకుండ నేనుండలేను.

నడుమ వచ్చినది యాగి యాంటెన్నాల యుగము. ఆదివారపు సినిమా వేళకు డాబామీదనొకరు, మెట్లమీదనొకరు, పెట్టెముందు ఇంటిల్లిపాదియు, పైనున్నవాడు గడను రెండు చేతుల పట్టుకొని అంగుళమంగుళముగా త్రిప్పుచు, “బొమ్మ వచ్చిందా?” అని కేకవేయును. “బొమ్మ వచ్చింది మామయ్యా, మాట రాలేదు!” అని మెట్లమీది పిల్ల లోపలివారి జవాబును పైకి మోయును. “ఇప్పుడో?” “చుక్కలొచ్చేశాయి, వెనక్కి తిప్పు!” గడను వదలిన మరుక్షణము బొమ్మ పోయెడిది, మనిషి దేహము కూడ తరంగమును మార్చునని భౌతికశాస్త్రము చెప్పును గాని, మాకది పైవాని చేతివాసివలె తోచెడిది. కొండపల్లి కొండమీది ప్రసారిణి చుట్టుప్రక్కల ఊళ్లలో యాంటెన్నాలన్నియు ఒకే దిక్కునకు తలలు త్రిప్పి నిలిచెడివి. క్రొత్తగా ఊరికి వచ్చినవాడు డాబాల వంక చూచి ఆ కొండ ఎటున్నదో చెప్పగలిగెడివాడు.

అప్పటివరకు గడ చేయవలసినది వినుట మాత్రమే. టెలిఫోను వచ్చిన తరువాత అది బదులు పలుకవలసి వచ్చినది. ఈ మార్పును అందరును గుర్తింపలేదు గాని, నా దృష్టిలో కథ మలుపు ఇచ్చటనే యున్నది. స్తంభములు పాతి తీగ వేయలేని గ్రామములకు తంతిశాఖ రేడియో ఫోను నిచ్చి, ఊరిలో గడమీద యాగి నొకదానిని నిలిపినది. మద్రాసు ఐఐటీలో ఆచార్య అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందము 1990 దశకమున రూపొందించిన కార్‌డెక్ట్ పద్ధతిలోను, ఇంటిమీది చిన్న యాంటెన్నా పది కిలోమీటర్ల దూరమందలి కేంద్రమును కంటికి కన్నుగా చూడవలసినదే.

సెల్‌ఫోను ఈ సంప్రదాయమును కొంతకాలము తెంచినది. తొలినాటి ఫోనులకు తలమీద పొట్టికొమ్మువలె యాంటెన్నా యుండెడిది. కొన్నిటికి బయటి తీగ తగిలించు రంధ్రమును గలదు. 1999లో నోకియా 3210 ఆ కొమ్మును పొట్టలో దాచుకొనగా, తక్కినవియు క్రమముగా ఆ దారినే పట్టినవి. పట్టణమునకది సౌకర్యము, లోయలోని గూడెమునకది నష్టము. టవరు పదుల వాట్లతో పలుకును. చేతిలోని పాత ఫోను రెండు వాట్లకు మించదు, 4జీ ఫోను వాటులో అయిదవ వంతు మాత్రమే. కాబట్టి టవరు మాట మనకు వినబడినను మన మాట దానికి చేరకపోవుట కలదు. తూర్పుకనుమలలో పాడేరు, పెదబయలు, ముంచంగిపుట్టు ప్రాంతముల కొండగూడెములకు ఈ కష్టము క్రొత్తది కాదు. బియ్యము కొరకు వేలిముద్ర వేయవలసిన యంత్రము సిగ్నల్ లేనిదే కదలదు గనుక, డీలరు యంత్రమును కొండమీదికి మోసికొనిపోగా, కార్డుదారులు, వారిలో కఱ్ఱ ఊతతో నడచు ముసలివారును, వెంట ఎక్కి వేలుముద్రలు వేసి, మరల దిగి బియ్యము తెచ్చుకొనుచు వచ్చిరి. 2020లో బడులు మూసినప్పుడు పిల్లలు పాఠము కొరకు గుట్టలెక్కిరి. తమ వంతు తిండికై, చదువుకై మనుష్యులు కొండలెక్కవలసి వచ్చుట నాకు ఎన్నటికిని సహింపరానిదిగనే యున్నది.

అందువలననే గడ తిరిగి లేచినది. ఒక గూడెములో నేను చూచినది చెప్పెదను. పూరింటి చూరును ఆనుకొని మూడు నిలువుల వెదురు. దాని కొసన పది కమ్మీల యాగి. పూర్వపు టెలివిజన్ కమ్మీలు అయిదు మూరల వరకు ఉండెడివి. ఇవి జానెడు కూడ లేవు, ఏలననగా 90 కోట్ల కంపనముల సెల్‌ఫోను తరంగపు పొడవు 33 సెంటీమీటర్లే, కమ్మీ దానిలో సగము. అట్టి యాంటెన్నా మంచిదైనచో బలమును సుమారు పదింతలు చేయును, అదియు రెండు వైపుల, వినుటలోను పలుకుటలోను. గడనుండి నల్లని తీగ మట్టిగోడకును చూరునకును నడుమనున్న సందులోగుండ దిగి, సిమ్ కార్డు వేసికొను బల్లఫోను వెనుకనున్న మరమూతికి బిగింపబడి యుండెను. ఇంకను ఎత్తు పెంచవచ్చును గదా యని నేననగా, ఆ యింటి యువకుడు, “పొడుగు తీగేస్తే సిగ్నల్ తీగలోనే అయిపోతాది బాబూ” అనెను. అక్షరాల నిజము: సన్నని మామూలు తీగ పది మీటర్లుండిన, ఎక్కిన బలములో మూడవ వంతే క్రిందికి దిగును. ఇంతకంటె గట్టి హద్దు మరియొకటి కలదు. పాతరకపు టవరు 35 కిలోమీటర్లు దాటిన దూరమునుండి వచ్చు జవాబును, అది ఎంత స్పష్టముగానున్నను, పుచ్చుకొనదు, మాట పోయివచ్చుటకు అది పెట్టిన గడువు అంతే.

సంతలలో బూస్టర్లని అమ్ము యంత్రముల సంగతి వేరు. గడమీది కమ్మీలు తమంతట ఏమియు పలుకవు. బూస్టరు తానే తరంగమును వెదజల్లి, సరిగా అమర్చనిచో చుట్టుప్రక్కలవారి మాటను కూడ చెరచును. అనుమతి లేనిదే దానిని వాడుట చట్టవిరుద్ధము. ప్రభుత్వము 2022లో సెల్‌ఫోను సేవ లేని 24,680 గ్రామములకు 4జీ చేర్చుటకు 26,316 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. టవరు లేచిన గూడెములో గడ అక్కరలేదు. లేవనిచోట, లేచినను కొండ యడ్డు వచ్చినచోట, దాని పని తీరలేదు.

ఆ యువకుని గడ మొదట సున్నముతో గీసిన నిలువుగీత యొకటి యున్నది. దానికెదురుగా నేలలో పాతిన రాయి యొకటి. గాలివానకు గడ తిరిగిపోయినప్పుడెల్ల గీతను రాతికి సరిచేసిన చాలును, టవరు దిక్కు మరల వెదకనక్కరలేదు. నేను వెళ్లిన నాటి ముందురాత్రి గాలి గట్టిగా వీచినది. గీత రాతికి బెత్తెడు ఎడమకు జరిగియుండెను. అతడు మోకాళ్లపై కూర్చుండి, రెండు చేతుల గడను పట్టి త్రిప్పుచు, లోపలివారిని కేకవేసి అడిగెను.