పేరు ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది: ఫ్రాంచైజీ వ్యాపార చరిత్ర

ఒక కంపెనీ తన పేరును, సరుకును, పని పద్ధతిని వాడుకునే హక్కును రుసుము తీసుకుని మరొకరికి ఇస్తుంది. ఆ హక్కు కొన్నవారు సొంత డబ్బుతో దుకాణం పెట్టి నడుపుకుంటారు. ఇదే ఫ్రాంచైజీ. దీని నేటి రూపం 1850ల నుంచి సుమారు వందేళ్లపాటు అమెరికాలో దశలవారీగా ఏర్పడింది. పెట్టుబడి చాలని కంపెనీలు విస్తరించడానికి వెతుక్కున్న ఈ మార్గం, కాస్త సొమ్ము కూడబెట్టుకున్నవారు సొంత వ్యాపారంలోకి రావడానికీ పనికివచ్చింది. పెట్టుబడి, రాబడి, అదుపు ఎవరివి ఎంత అనే విషయంలో ఇరుపక్షాల మధ్య జరిగిన బేరసారాలే దీని చరిత్ర.

తొలి అడుగుల్లో ఒకటి కుట్టు మిషన్ వ్యాపారంలో పడింది. ఐజాక్ సింగర్ 1851లో తన మిషన్‌కు పేటెంట్ పొందాడు. మిషన్ ఖరీదైనది, పైగా జనానికి కొత్తది. వాడకం నేర్పేవారు, చెడితే బాగుచేసేవారు దగ్గర్లో ఉంటే తప్ప కొనేవారు ముందుకు రారు. ఊరూరా శాఖలు తెరిచే స్తోమత లేని కంపెనీ, ప్రాంతాలవారీగా అమ్మకం హక్కులను ఏజెంట్లకు అమ్మింది. దాంతో డబ్బు చేతికొచ్చింది గానీ ఏజెంట్ల మీద పట్టు చిక్కలేదు. నిలదొక్కుకున్నాక కంపెనీ క్రమంగా సొంత శాఖల వైపు మళ్లింది.

సరుకుతోపాటు పద్ధతిని కూడా అందించిన తొలితరం వ్యాపారుల్లో మార్తా మటిల్డా హార్పర్ ముఖ్యురాలు. కెనడాలో 1857లో పుట్టిన ఆమెను ఏడేళ్లకే ఇంటి పనికి పెట్టారు. పాతికేళ్లు పనిమనిషిగా బతికి, కూడబెట్టిన 360 డాలర్లతో 1888లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో సలూన్ తెరిచింది. నేలను తాకే జుట్టుతో తీయించుకున్న తన ఫొటోనే ప్రకటనగా పెట్టుకుంది. తల కడిగేటప్పుడు సబ్బు నీళ్లు కళ్లలోకి పోకుండా వెనక్కి వాలే కుర్చీని, మెడ ఆనే చోట వంపు తీసిన బేసిన్‌ను వాడింది. 1891 నుంచి ఇతర నగరాల్లో తన పేరుతో సలూన్లు పెట్టుకునే అవకాశం ఇవ్వసాగింది. తొలి సలూన్లను తనలాగే ఇళ్లలో పనిచేసి వచ్చిన ఆడవారికే అప్పగించింది. వారికి శిక్షణ, తన తయారీ టానిక్కులు, ప్రకటనల సాయం అందేవి. ఒక దశలో ఈ సలూన్లు 500 దాకా పెరిగాయి. చేతిలో ఆస్తి లేని స్త్రీలు ఆ రోజుల్లో యజమానులయ్యారంటే అది ఈ ఏర్పాటు చలవే.

ఒప్పందంలోని ఒక్క షరతు ఎంత దూరం పోతుందో కోకాకోలా ఉదంతం చెబుతుంది. 1899లో చాటనూగా నగరానికి చెందిన బెంజమిన్ థామస్, జోసెఫ్ వైట్‌హెడ్ ఆ పానీయాన్ని సీసాల్లో నింపి అమ్మే హక్కును కంపెనీ యజమాని ఆసా కాండ్లర్ నుంచి పొందారు. రాతలో ఉన్న ధర ఒక్క డాలరు. అప్పటికి వ్యాపారం దాదాపు అంతా సోడా కౌంటర్లలోనే కావడంతో సీసాల అమ్మకం మీద కాండ్లర్‌కు పెద్ద ఆశ లేదు. థామస్, వైట్‌హెడ్ దేశాన్ని ప్రాంతాలుగా విడదీసి స్థానిక వ్యాపారులకు హక్కులిచ్చారు. పదేళ్లలో బాట్లింగ్ కేంద్రాలు వందల్లోకి చేరాయి. కానీ ఒప్పందంలో సిరప్ ధర స్థిరం, గడువు లేదు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత చక్కెర ధర చుక్కలనంటినప్పుడు కంపెనీకి, బాట్లర్లకు మధ్య తగాదా కోర్టుకెక్కింది. చక్కెర ధరను బట్టి సిరప్ ధర మారేలా 1921లో రాజీ కుదిరింది.

కార్ల డీలర్లు, పెట్రోలు బంకుల వారు కూడా ఇదే బాట పట్టారు. 1935లో హోవార్డ్ జాన్సన్ రెస్టారెంట్ వ్యాపారంలో ఈ విధానాన్ని వాడాడు. 1946 నాటి లాన్‌హామ్ చట్టం, నాణ్యతపై అదుపు ఉంచుకున్నంత వరకు ట్రేడ్‌మార్కును ఇతరులకు వాడుకోనివ్వడానికి గట్టి ఆధారం కల్పించింది.

మిల్క్‌షేక్ యంత్రాలు అమ్ముకునే రే క్రాక్ 1954లో శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరుల హాంబర్గర్ దుకాణాన్ని చూశాడు. మరుసటి ఏడాది ఇలినాయ్‌లోని డెస్ ప్లెయిన్స్‌లో తన మొదటి దుకాణం తెరిచాడు. ఫ్రాంచైజీ రుసుము 950 డాలర్లు, అమ్మకాల్లో వాటా 1.9 శాతం. అందులో 0.5 శాతం సోదరులకు పోయేది. మిగిలింది కంపెనీ ఖర్చులకే చాలేది కాదు. క్రాక్ సహచరుడు హ్యారీ సానెబార్న్ సలహాతో 1956 నుంచి కంపెనీయే స్థలాలు తీసుకుని ఫ్రాంచైజీదారులకు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. దీంతో నిలకడైన రాబడి వచ్చింది, అదుపూ దక్కింది. నియమం తప్పినవారికి పేరుతోపాటు దుకాణం ఉన్న చోటు కూడా పోతుంది.

1960లలో ఫ్రాంచైజీలు వెల్లువెత్తాయి. సినిమా తారల పేర్లు, అందమైన వాగ్దానాలు చూపి హక్కులు అమ్మిన సంస్థలు కొన్ని దివాలా తీశాయి. జీవితకాలపు పొదుపు పెట్టినవారు నష్టపోయారు. కాలిఫోర్నియా 1970లో ఫ్రాంచైజీ అమ్మకాలపై ప్రత్యేక చట్టం చేసింది. 1979లో అమల్లోకి వచ్చిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన దేశమంతటికీ వర్తించింది. కంపెనీ పూర్వాపరాలు, కోర్టు కేసులు, అయ్యే ఖర్చులు కొనేవారికి ముందే రాతపూర్వకంగా చెప్పాలన్నది దాని సారం. సంతకానికి కనీసం 14 రోజుల ముందు ఆ పత్రం ఇవ్వాలని ఇప్పటి నియమం.

భారతదేశంలో శీతల పానీయాల బాట్లింగ్, ఆ తర్వాత 1980ల చివరి నుంచి కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు ఈ విధానాన్ని చిన్న పట్టణాలకు చేర్చాయి. ఇక్కడ ఫ్రాంచైజీకంటూ ప్రత్యేక చట్టం లేదు. 1872 కాంట్రాక్టు చట్టం, 1999 ట్రేడ్‌మార్కుల చట్టం వంటివే వర్తిస్తాయి. కాబట్టి కొనేవారికి రక్షణ చాలావరకు ఒప్పందంలోనే ఉంది. ప్రాంతం ఎంత, గడువు ఎన్నాళ్లు, సరుకు ధర ఎవరు నిర్ణయిస్తారు, స్థలం ఎవరి పేరున ఉంటుంది అనేవి అందులో తప్పక తేలాల్సిన అంశాలు.