అచ్చుదిమ్మ నుండి పి.డి.ఎఫ్. వరకు: తెలుగు పాఠమునందలి రూపదోషములు

పెన్నానదికి ఉత్తరపు గట్టున, నెల్లూరికి ఎదురుగా నున్న కోవూరు మొదలు సముద్రతీరము దాక గల సీమకు తెలుగు ముద్రణచరిత్రలో ఒక స్థానము కలదు. ఆ సీమలోని వావిళ్ళ గ్రామమే ఇంటిపేరైన రామస్వామిశాస్త్రులుగారు 1854లో చెన్నపట్టణమున ముద్రాలయము నెలకొల్పిరి. వారి కుమారులు వేంకటేశ్వరశాస్త్రులుగారి కాలమునాటికి 'వావిళ్ళవారి ప్రతి' యను మాటయే పాఠశుద్ధికి గురుతయ్యెను. నెల్లూరుజిల్లా శాసనములను బటర్‌వర్తు, వేణుగోపాలశెట్టిగార్లు సేకరించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. ఇట్టి గ్రంథములను నేటి పరిశోధక విద్యార్థి పెక్కుమారులు కాగితముపై గాక, పి.డి.ఎఫ్. ప్రతులుగా కంప్యూటరు తెరపై చదువుచున్నాడు. తెరపై కనబడు అక్షరము మూలమునందలి అక్షరమేనా? ఈ ప్రశ్నయే ప్రస్తుత వ్యాసమునకు విషయము.

తెలుగు లిపిలో అర్థభేదమును నిలుపు గీతలు మిక్కిలి చిన్నవి. ద-ధలకు, ప-ఫలకు, డ-ఢలకు నడుమ నున్నది అడుగున చేర్చు ఒక చిన్న గీత మాత్రమే. 'దార' యన భార్య. 'ధార' యన ప్రవాహము. దానశాసనములలో 'ధారాపూర్వకము' అను మాట తరచుగా వచ్చును. శాసనలేఖకులు ధకారమునకు మారుగా దకారమును చెక్కుటయు కలదు. అట్టి వ్రాత ఆనాటి లేఖనసంప్రదాయమునకు సాక్ష్యమగును. కాని ఆ చిన్నగీత తెరపై మాసిపోయినదే యైనచో, విద్యార్థి యంత్రము చేసిన తప్పును ఏడెనిమిది శతాబ్దుల నాటి లేఖకునిపై మోపినవాడగును. కావున లేఖకదోషమును నిర్ణయించుటకు ముందు ప్రతిదోషమును పరిహరింపవలెను.

అచ్చుదిమ్మల కాలమున రూపమును అక్షరమును వేరుగా నుండలేదు. షుల్‌ట్జ్ 1746-47 ప్రాంతమున జర్మనీలోని హాలే నగరమున తెలుగు పుస్తకములు ముద్రించినప్పుడును, సీరాంపురమున 1812 నాటి అగ్నిప్రమాదము పిదప 1814లో కేరీ తెలుగు వ్యాకరణము వెలువడినప్పుడును, కంపోజిటరు చేతిలోని సీసపుముక్కయే అక్షరము. దిమ్మ అరిగినచో అచ్చు చెడును. తప్పు దిమ్మను ఎత్తినచో పాఠము చెడును. ఈ రెండును ప్రూఫునందే కంటికి తెలియును. కంప్యూటరునందు అట్లు కాదు. అక్షరమునకు ఒక సంఖ్య, దాని ఆకృతికి ఫాంటునందు వేరొక సంఖ్య ఉండును. ఒకటి సరిగా నుండి రెండవది చెడవచ్చును. 1993లో అడోబి సంస్థ ప్రవేశపెట్టిన పి.డి.ఎఫ్. ప్రతిలో కలుగు చిక్కులలో పెక్కింటికి ఈ వేర్పాటే మూలము.

మొదటి దోషము ఆకృతికి సంబంధించినది. నూత్ 1978లో రూపొందించిన టెక్ అను అక్షరసంయోజన విధానమును, దానికి తోడైన మెటాఫాంటును అనుసరించి, అమెరికాలోని తెలుగువారు 1990 దశకమున తెలుగు అక్షరములను సమకూర్చిరి. రైస్ విశ్వవిద్యాలయమున పుట్టిన 'రిట్' అను లిప్యంతరీకరణ సాధనము అట్టి కృషిలోనిదే. మెటాఫాంటు అక్షరమును తుదకు చుక్కల సముదాయముగా మార్చును. అంగుళమునకు 300 చుక్కల అక్షరము కాగితముపై చక్కగానే యుండును. తెరపై నాలుగురెట్లు పెంచినచో అంగుళమునకు 75 చుక్కలే మిగులును. అంచులు మెట్లుమెట్లుగా కనబడును. పి.డి.ఎఫ్. పరిభాషలో ఇట్టివి మూడవ తరగతి ఫాంట్లుగా చేరును. రేఖలచే నిర్వచింపబడిన ఫాంట్లు ఎంత పెంచినను చెడవు. తిరుమల కృష్ణ దేశికాచారిగారు రూపొందించిన 'పోతన' ఈ రెండవ జాతికి చెందినది.

రెండవ దోషము సంఖ్యకు సంబంధించినది. 1991లో వెలువడిన యూనికోడు తెలుగునకు స్థానము కల్పించెను. అయినను పుస్తకముద్రణలో బహుకాలము రోమన్ అక్షరముల స్థానములలో తెలుగు అక్షరఖండములను నిలిపిన ఫాంట్లే వాడుకలో నుండెను. అట్టి ప్రతి కంటికి నిర్దుష్టముగా నుండును. కాని పదమును వెదకినచో దొరకదు, నకలు తీసినచో రోమన్ గుర్తుల గందరగోళము మిగులును. ఫాంటును ప్రతిలో పొందుపరుపనిచో వేరొక యంత్రమున చూపునకు సైతము అదే గతి పట్టును. యూనికోడు ఫాంటుతో కూర్చిన ప్రతియందును ఆకృతిసంఖ్యలను అక్షరసంఖ్యలతో కలుపు పట్టిక యుండవలెను. ఐత్వము వంటి రెండు ఖండముల గుణింతపు గుర్తులకు, సంయుక్తాక్షరములకు ఈ పట్టిక లోపించినచో వెదకుట విఫలమగును. 'ఈ పదము ఈ గ్రంథమున లేదు' అని యంత్రపు వెదకులాటను నమ్మి వ్రాయు పరిశోధకుడు ఇచ్చట మోసపోవును.

మూడవది అన్నింటికంటె ప్రమాదకరము. పాతపుస్తకముల ఛాయాప్రతులను కుదించుటకు జెబిగ్-2 అను విధానము కలదు. అందలి ఒక పద్ధతి పుటపై ఒకదానినొకటి పోలిన ఆకృతులను గుర్తించి, అన్నింటికిని ఒకే ఆకృతిని వాడును. 2013లో జర్మనీయుడైన డేవిడ్ క్రీసెల్ కొన్ని జిరాక్స్ యంత్రముల ప్రతులలో అంకెలే మారిపోవుటను వెల్లడించెను. ఒక గృహపటమున 21.11 చదరపు మీటర్ల గది 14.13 అయ్యెను. అక్షరము మసకగా లేదు, స్పష్టముగా తప్పైనది. అంకెలకు పట్టిన గతి ద-ధలకు పట్టదనుటకు ఆధారము లేదు.

కావున పరీక్షకు ఒక క్రమము అవసరము. మొదట ప్రతిని నాలుగురెట్లు పెంచి అంచులు చూడవలెను. నున్ననైనచో రేఖాఫాంటు, మెట్లుగా నున్నచో చుక్కల ఫాంటో ఛాయాప్రతియో యగును. పిదప ప్రతి లక్షణములలోని ఫాంట్ల పట్టికను చూచి, అవి పొందుపరుపబడినవో లేదో, ఏ తరగతివో తెలిసికొనవలెను. తరువాత పుటలో కనబడుచున్న ఒక పదమునే వెదకవలెను. ఒక పంక్తిని నకలు తీసి చూడవలెను. వేరొక చదువరి సాధనమున దోషము తొలగినచో అది ప్రతిది కాదు, చూపు సాధనముది. ఛాయాప్రతియైనచో సందేహాస్పదమైన అక్షరమును అచ్చుపుస్తకముతోను, శాసనమైనచో దాని అచ్చొత్తుతోను పోల్చక పాఠాంతరముగా గ్రహింపరాదు.

తాళపత్రమును చదువువాడు పురుగు తిన్న రంధ్రమును అక్షరమని భ్రమింపడు. పి.డి.ఎఫ్. ప్రతికిని పురుగులు కలవు; వాని జాడ నెరుగుట నేటి పాఠపరిష్కర్తకు లిపిజ్ఞానములో ఒక భాగమైనది. సిద్ధాంతవ్యాసములలో గ్రంథనామముతో పాటు ఏ ప్రతిని చూచితిమో, కాగితమో ఛాయయో, చెప్పుట ఆచారము కావలెను. అట్లు చెప్పినప్పుడే మన వెనుక వచ్చు విద్యార్థి మన తప్పును మూలకర్తకు అంటగట్టకుండ దిద్దుకొనగలుగును.