గడియకుడుక: కాలము కొలిచిన రాగిపాత్ర

తెలుగున కాలమును దెలుపు పదములలో కొన్ని లోహపు పనిముట్ల పేళ్లే. ‘గంట’ మ్రోగెడు కంచు; అదియే నేడు 60 నిమిషములకు పేరైనది. ‘గడియ’ సంస్కృత ‘ఘటికా’ శబ్దమునుండి వచ్చినది. ఘటిక యనగా చిన్నకుండ. అది నీట మునుగుటకు పట్టెడు 24 నిమిషములకు దాని పేరే నిలిచినది. యంత్రము మరుగుపడినను పేరు మన నోట మిగిలినది. ఆ పాత్ర నిర్మాణమును విచారించి, గుంటూరు, ప్రకాశం సీమలయందు దానిని వెదకవలసిన తీరును సూచించుట ఈ వ్యాసోద్దేశము.

గడియకుడుక అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నె. కొబ్బరికుడుకవలె అర్ధగోళాకారమున నుండుటచే ఆ పేరు తగియున్నది. నీటితొట్టిలో తేలవిడిచినచో నీరు మెల్లగా లోని కెక్కి, నిండినంతనే అది మునుగును. కావలివాడు దానిని మరల తేలవిడిచి జేగంట మ్రోగించును. సూర్యసిద్ధాంతము అహోరాత్రమున 60 మార్లు మునుగు రాగిపాత్రను చెప్పుచున్నది. క్రీ.శ. 671–695 నడుమ యాత్ర సాగించిన ఇత్సింగు, రాజులు మహావిహారములకు జలఘటికలను, వానిని కనిపెట్టు బాలురను దానము చేసిరని వ్రాసెను. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామములో ఓరుగంటి గడియారము పదునారుమార్లు మ్రోగును. కర్తృత్వమును గూర్చి వాదములున్నను ఈ సాక్ష్యము విలువ తగ్గదు. సూర్యోదయము మొదలు లెక్కించినచో 16 గడియలు 6 గంటల 24 నిమిషములు. అనగా మధ్యాహ్నము దాటిన వేళ.

పాత్ర కొలతలు నిర్ణయింపవచ్చునా యనుటయే ముఖ్యమైన ప్రశ్న. కొందరు సిద్ధాంతులు 10 పలముల రాగి, 6 అంగుళముల ఎత్తు, 12 అంగుళముల నోటివెడల్పు విధించిరి. రంధ్రమునకు కొలత, మూడుంబాతిక మాషములకు కొంచెము మించిన బంగారమును 4 అంగుళములు సాగదీసిన తీగ. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు ఇట్టి లక్షణమును హేతువు లేనిదనియు, చేయుటకు శక్యముకానిదనియు నిరాకరించెను. ఏ పరిమాణమున నున్నను, దినమున నెన్నిమార్లు మునుగునో లెక్కించి, దానితో అహోరాత్రమును భాగించినచో ఆ పాత్ర మానము తెలియునని ఆయన మతము.

చేతిపని స్వభావమును గమనించినచో భాస్కరుని మాటయే సరియని తోచును. కంచరి సుత్తెదెబ్బతో సాగిన రేకు అంతటను ఒకే మందమున నుండదు. రంధ్రమును పెంచుట సులభము, తగ్గించుట కష్టము. కావున సన్నముగా తొలిచి, నీట పరీక్షించుచు పెంచుట యుక్తము. చింతపండుతో తోముటవలన రంధ్రము క్రమముగా అరుగును. ఉప్పునీటి పొర గట్టినచో మూసికొనును. వేసవిలో వెచ్చని నీరు పలుచబడి పాత్ర కొంత త్వరగా మునుగును. ఇందుచే ఏ రెండు కుడుకలును సమానములు కావు. ప్రతిదియు ప్రత్యేకసాక్ష్యమే.

ఈ సీమకు రాగి కొరత లేదు. గణపతిదేవుని మోటుపల్లి శాసనము (శ.సం. 1166, క్రీ.శ. 1244–45) సుంకము విధించిన సరకులలో రాగి, సీసములను పేర్కొనుచున్నది. మోటుపల్లి 2022 నుండి బాపట్ల జిల్లాలోనిది. పల్నాటి అగ్నిగుండాల ప్రాంతమునను రాగి, సీసపు ఖనిజములు గలవు. అయినను పరిశోధకులు రెండు భ్రాంతులకు లోనుకారాదు. శాసనములందలి ‘ఘటిక’ తరచు విద్యాస్థానము. తాళగుంద శాసనమున మయూరశర్మ చేరిన కాంచీఘటిక అట్టిదే. రెండవది, అడుగున రంధ్రమున్న ప్రతి గిన్నెయు గడియకుడుక కాదు. అమరావతి, త్రిపురాంతకము, కోటప్పకొండ వంటి శైవక్షేత్రములు గల ఈ సీమలో లింగమునకు పైన వ్రేలాడదీయు ధారాపాత్రకును రంధ్రముండును. వ్రేలాడదీయుటకు గొలుసో కడియములో ఉన్నవా యని మొదట చూడవలెను.

పరీక్షకు వ్యయము లేదు. పాత్రను తోమక, నిలకడనీటిలో పలుమార్లు తేలవిడిచి, మునిగిన కాలమును నీటివేడిమితోకూడ వ్రాసికొనవలెను. పంచాంగపు గడియలు స్థానిక సూర్యోదయమునుండి లెక్కకు వచ్చునవి. 1906లో వచ్చిన భారతీయ ప్రామాణికకాలము గుంటూరు స్థానికకాలమునకు సుమారు 8 నిమిషములు, ఒంగోలు కాలమునకు సుమారు 10 నిమిషములు ముందున్నది. గడియలను గడియారముతో పోల్చువారు ఈ భేదమును మరువరాదు.

చిల్లుగిన్నె యని తలచి మాటు వేయించినచో ఆ పాత్ర గిన్నెగా బాగుపడును, గడియారముగా నశించును. పాతరాగి క్రింద అమ్మినచో రెండును పోవును. కావున ప్రత్తి, మిరప చేల నడుమనున్న పల్లెలకు శాసనముల ప్రతులకై వెళ్లు విద్యార్థులు, గుడిగోడలతోపాటు వంటసాల అటకలను, పురోహితుల యిండ్ల పెట్టెలనుగూడ చూడవలెనని కోరుచున్నాము. శాసనము శిలపై నిలిచియుండును; ఈ పాత్ర కాలమానము సూదిమొనంత రంధ్రమున మాత్రమే కలదు.