మధుర చిత్తిరై తిరునాళ్ళలో మన వంతు

మూడేండ్ల క్రిందట చిత్రా పూర్ణిమనాడు తెల్లవారుజామున మధురలో వైగై యేటి ఒడ్డున నిలబడి ఉన్నాము. మా ఎనిమిదేండ్ల అమ్మాయి నా భుజం మీద కూర్చుని ఉన్నది. ఎదుట కనుచూపు మేర తలలే తప్ప ఇసుక కనబడదు. ఆ రద్దీలో అమ్మాయి వంగి నా చెవిలో అడిగినది: “నాన్నా, ఇది వాళ్ళ పండుగా, మన పండుగా?”

నాకు వెంటనే జవాబు తోచలేదు. ప్రక్కనున్న మా అవ్వ మాత్రం, “అదేమి మాటే! పెండ్లికి వచ్చినాము గదా, పెండ్లివారమే” అని తేల్చివేసినది. మధురకు దగ్గరి పల్లెలో పుట్టి, ఇంట్లో తెలుగూ వీధిలో అరవమూ మాట్లాడుతూ ఎనభై యేండ్లు గడిపిన మనిషి. ఆమెకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. నాకు మాత్రం ఆ ప్రశ్న వదలలేదు. కోయంబత్తూరుకు తిరిగి వచ్చి, డ్యూటీ లేని వేళల్లో దొరికిన పుస్తకాలు చదివి, పెద్దలను అడిగి తెలుసుకొన్నది ఈ ఉగాది సంచికలో నాలుగు మాటలుగా వ్రాస్తున్నాను. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషన్ చదివి రైల్వేలో టిక్కెట్లు ఇచ్చే గుమాస్తాను. తప్పులుంటే పెద్దలు మన్నించవలెను.

మన ఉగాది వెళ్ళిన పక్షానికో, నెలన్నరకో చిత్రా పూర్ణిమ వస్తుంది. ఉగాది చాంద్రమానం, చిత్తిరై సౌరమానం కనుక ఈ తేడా. ఆ వారమంతా మా టిక్కెట్టు కిటికీ ముందు ఒకటే మాట: “మధురకు నాలుగు ఫుల్లు, రెండు హాఫు!” పళని, దిండిగల్లు మీదుగా పోయే బండ్లలో నిలబడడానికి చోటుండదు. ఇంతమందిని పిలిచినదెవరు? శుభలేఖ వేసినదెవరు?

మన దేశంలో పెద్ద పెద్ద జనసమూహాలు కూడే ఉత్సవాలు చాలా ఉన్నవి. ప్రయాగ కుంభమేళాకు, మన గోదావరి, కృష్ణా పుష్కరాలకు ముహూర్తం పెట్టేది ఆకాశంలోని బృహస్పతి. ఆయన పన్నెండేండ్లకొకసారి రాశిచక్రం చుట్టి వస్తే జనం కూడుతారు. మధుర సంగతి వేరు. అక్కడ ఏటేటా లక్షల జనం ఒకే సమయాన కూడడానికి కారణం, ఆకాశంలోని గ్రహంతో పాటు, నేల మీది ఒక మనిషి చేసిన ఏర్పాటు. ఆయన తెలుగు మాట్లాడే వంశంలో పుట్టిన తిరుమల నాయకుడు.

మధుర నాయకుల కథ మన పెద్దలకు తెలిసినదే. విజయనగర ప్రభువుల తరఫున 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధుర పాలనకు వచ్చినాడు. ఆయన, మంత్రి అరియనాథ మొదలియారు కలిసి రాజ్యాన్ని 72 పాళెములుగా ఏర్పాటు చేసినారు. ఆ పాళెములలో చాలావాటికి తెలుగు దొరలే అధిపతులు. 1799లో కయత్తారులో ఇంగ్లీషువారు ఉరితీసిన పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన పూర్వులు కూడా అట్లా వచ్చినవారే. ఆ దండులతోనూ, వాటి వెనుకనూ వచ్చి నల్లరేగడి నేలలు దున్నిన కుటుంబాల సంతతివారు నేడు మధుర, కోయంబత్తూరు జిల్లాలలో ఉన్నారు. ఈ సంచిక చదివేవారిలోనూ అనేకులు వారే.

తిరుమల నాయకుడు 1623 నుండి 1659 వరకు ఏలినాడు. తిరుచిరాపల్లి నుండి రాజధానిని మధురకు మార్చినాడు. ఆయన మహలు, పుదు మండపం, వండియూరు తెప్పకుళం నేటికీ చూడవచ్చును. వీటన్నిటికంటె గొప్పదని నేననుకొనేది మాత్రం రాతితో కట్టినది కాదు. అది తేదీ మార్చి, దారి మార్చి కట్టిన తిరునాళ్ళు.

అంతకు పూర్వం రెండు ఉత్సవాలుండేవి. మధుర కోవెలలో మీనాక్షీ సుందరేశ్వరుల కల్యాణం మాసి నెలలో, అనగా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో జరిగేది. మధురకు ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరాన అళగర్ కొండ క్రింద వెలసిన సుందరరాజ పెరుమాళ్ళు, జనం భాషలో కళ్ళళగరు, చిత్తిరైలో బయలుదేరి వైగై ఎగువన ఉన్న తేనూరు వద్ద ఏట్లో దిగేవాడు. దూర్వాసుని శాపంచేత కప్పయై పడియున్న ముని ఒకరికి అక్కడ మోక్షమిచ్చేవాడు. ఒకటి శైవుల పెండ్లి, రెండవది వైష్ణవుల తీర్థం. నెల వేరు, ఊరు వేరు, పోయే జనం వేరు.

తిరుమల నాయకుడు మీనాక్షి కల్యాణాన్ని మాసి నుండి చిత్తిరైకి జరిపి, అళగరును తేనూరు నుండి మధుర దారికి మళ్ళించినాడని ఊరంతా చెప్పుకొంటారు. చరిత్ర వ్రాసినవారు సాధారణంగా ఆ మాటే అంటారు. కారణం కూడా చెబుతారు. ఆయన పెద్ద పెద్ద తేర్లు చేయించినాడు. అవి కదలాలంటే వేల చేతులు కావలెను. మాసిలో రైతు కోతల్లో ఉంటాడు, పిలిచినా రాలేడు. చిత్తిరైలో గింజ ఇంటికి చేరి ఉంటుంది, ఎద్దుకూ మనిషికీ తీరిక, చేతిలో నాలుగు డబ్బులు. దండోరా వేసి జనాన్ని తోలుకొని రావడం ఒక పద్ధతి. జనానికి తీరిక ఎప్పుడో చూచి పండుగను అక్కడికి జరపడం మరొక పద్ధతి. నాయకుడు రెండవది ఎంచుకొన్నాడు.

దీనికి సాక్ష్యం శాసనాల్లో వెదకనక్కరలేదు, పేర్లలోనే ఉన్నది. చిత్తిరైలో పెండ్లయిన మీనాక్షి తేరు నేటికీ తిరిగేది మాసి వీధులలోనే! తేనూరులో జరిగిన ముని మోక్షం నేడు మధుర చెంత వండియూరులో జరుగుతుంది. ఆ మండపం పేరు తేనూరు మండపం! పండుగను తెచ్చినా దాని పాత ఊరి పేరు చెరిపివేయలేదు. ఇల్లు మారినా ఇంటిపేరు మారని మనవంటివారికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

రెండు ఉత్సవాలు ప్రక్కప్రక్కన రాగానే జనం వాటికి చుట్టరికం కలిపినారు. అళగరు మీనాక్షికి అన్న. చెల్లెలి పెండ్లికని కొండ దిగి వస్తాడు. దారి పొడుగునా భక్తులు ఆపి ఆపి పూజలు చేయగా ఆలస్యమవుతుంది. ఏటి దగ్గరకు వచ్చేసరికి పెండ్లి అయిపోయినదని తెలిసి, అలిగి, ఊళ్ళోకి పోకుండానే వండియూరు దారి పడతాడు. ఇది కోవెల పురాణం చెప్పే మాట కాదు, జనం అల్లుకొన్న కథ. కాని వైగై ఒడ్డున ఎవరినడిగినా ఇదే చెబుతారు. పెండ్లికి అందని అన్న అలక ఎట్లా ఉంటుందో ప్రతి ఇంట తెలిసినదే గదా!

ఇప్పుడు జరిగే క్రమం ఇది. మొదట మీనాక్షికి పట్టాభిషేకం, మరునాడు దిగ్విజయం, ఆ మరునాడు కల్యాణం. కల్యాణంలో చెల్లెలిని ధారపోయడానికి తిరుప్పరంకుండ్రం నుండి మరొక పెరుమాళ్ళు వస్తాడు. అమ్మవారికి తాళి కట్టే వేళ వేలాది ముత్తైదువలు తమ తాళిత్రాడు మార్చుకొంటారు. మరునాడు తేరు. ఆ రోజే తల్లాకుళం వద్ద మధుర జనం అళగరుకు ఎదురేగుతారు. దానిని ఎదిర్ సేవ అంటారు. రాత్రి ఆయన శ్రీవిల్లిపుత్తూరు నుండి వచ్చిన ఆండాళ్ మాల ధరించి, తెల్లవారగానే బంగారు గుర్రమెక్కి ఏట్లో దిగుతాడు. అప్పుడు కట్టిన పట్టు ఆకుపచ్చనిదైతే ఆ యేడు వానలు, పంటలు బాగుంటవని నమ్మకం.

కొండ నుండి వచ్చేటప్పుడు ఆయన కళ్ళర్ కులస్థుల వేషంలో ఉంటాడు. దారిలో 400కి పైగా మండపాలలో ఆగుతాడు. వాటిలో కులాలవారివి, వర్తకులవి, ఒక్కొక్క కుటుంబంవారివి కూడా ఉన్నవి. తోలుతిత్తులతో నీళ్ళు చిమ్మే భక్తులు, వీధివీధినా మజ్జిగ పందిళ్ళు. రాత్రి వండియూరు బస తురక నాచ్చియారు ఇంట అని జనం మాట. మన తిరుపతి వెంకన్నకు బీబీ నాంచారి ఉన్నట్లే! ఇట్లా ఒక్క దారిలో అందరి గుమ్మాలూ కలిసినవి. జనం దేవుని వద్దకు పోవడమే కాదు, దేవుడే జనం వద్దకు వచ్చి ఆగుతాడు. ఈ గుంపు పెరుగుతూ వచ్చిన రహస్యం అదేనని నాకు తోచినది.

ఇక్కడ మనం ఒక సంగతి గమనించవలెను. నాయకుల ఆస్థానంలో తెలుగుకు లోటు లేదు. ఆ వంశంలోని విజయరంగ చొక్కనాథుడు తానే శ్రీరంగ మాహాత్మ్యాన్ని తెలుగు వచనంగా వ్రాసినాడు. అయినా తిరుమల నాయకుడు మధురలో తెలుగువారికని వేరే జాతర పెట్టలేదు. ఆ ఊరి ఆడబిడ్డ పెండ్లినే తన ఇంటి పెండ్లి చేసుకొన్నాడు. పట్టాభిషేకంనాడు అమ్మవారి చేతి రాజదండాన్ని అందుకొని, మహలులో సింహాసనం మీద ఉంచి పూజించి, మరునాడు తిరిగి అప్పగించేవాడని చెబుతారు. రాజ్యం ఆమెది, తాను కాపలాదారుడు. పుదు మండపంలో పదిమంది నాయక రాజుల విగ్రహాలు ఉన్నవి. వాటిలో ఆయనా ఉన్నాడు.

అయితే గొప్పలే చెప్పి ఊరుకొంటే చరిత్ర కాదు. తేరు త్రాడు అందరి చేతికీ అందినా, కోవెల గడప చాలా కాలం అందరికీ అందలేదు. 1939 జూలై 8న వైద్యనాథ అయ్యరు గారు, కక్కన్ మొదలైన హరిజన సోదరులను, ఒక నాడారును వెంటబెట్టుకొని మీనాక్షి కోవెలలో ప్రవేశించేవరకు, పెండ్లికి వచ్చినవారిలో ఎందరో గోపురం బయటనే నిలిచిపోయినారు. వారిలో మన తెలుగే మాట్లాడే అరుంధతీయులు కూడా ఉన్నారని మరువరాదు. భాష ఒక్కటైనంత మాత్రాన గడప ఒక్కటి కాలేదు.

గుంపుకు ప్రమాదమూ ఉన్నది. 2015లో రాజమండ్రి గోదావరి పుష్కరాల మొదటి రోజున తొక్కిసలాటలో 20 మందికి పైగా పోయినారు. మహమ్మారి వల్ల 2020, 2021లలో మధుర వీధులు బోసిపోయి, పెండ్లిని ఇండ్లలో తెర మీదనే చూచినాము. 2022లో పండుగ తిరిగి రాగా, ఏప్రిల్ 16న వైగై ఒడ్డున రద్దీలో నలిగి ఇద్దరు మరణించినారు. జనాన్ని పిలిచినవాడు జనం ప్రాణానికి పూచీ వహించవలెను. రైల్వే మనిషిగా ఈ మాట నేను గట్టిగా చెప్పగలను: బండికి పట్టేంతమందినే ఎక్కించవలెను, దిగే దారి ముందుగా చూపవలెను.

మన కోయంబత్తూరుకు వస్తే, ఇక్కడ మాసిలో కోనియమ్మన్ తేరు. విజయదశమినాడు రాజవీధి చౌడేశ్వరీ అమ్మవారి కోవెలకు దేవాంగులు కత్తులతో రొమ్ము మీద కొట్టుకొంటూ ఊరేగి వస్తారు. వారిలో చాలా ఇండ్లలో మాట కన్నడం, కొన్నిటిలో తెలుగు, బజారులో అరవం. కాని ఆ వేళ వారి నోట వచ్చే కేక “తీసుకో తాయే!” అని. చెవిన పడగానే ఒళ్ళు జలదరిస్తుంది. “తీసుకో” మన మాట కాదా! బడిలో నేర్పని భాష, వీధిలో పదిమంది నడుమ ఒక్క మాటగానైనా నిలిచి ఉన్నది.

పోయిన ఉగాదికి పొరుగింటి అరవవారిని మన సభకు పిలవాలా వద్దా అని మనలో కొంచెం మాట పెరిగినది. పిలిస్తే తెలుగు తగ్గిపోతుందని కొందరు భయపడినారు. ఆ భయం నాకూ ఉన్నది. మా అమ్మాయి తెలుగు అక్షరాలు ఇంకా కూడబలుక్కొనే చదువుతుంది. కాని తలుపు మూసుకొన్నందువల్ల భాష నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. పిల్లలకు ఇంట్లో అక్షరాలు నేర్పుదాము, ఉగాది సభకు పొరుగువారిని పిలుద్దాము. వచ్చే మాసిలో కోనియమ్మన్ తేరునాడు మన సంఘం పేర ఒక మజ్జిగ పందిలి వేద్దాము. దాని బోర్డు మీద రెండు లిపులూ ఉండవలెను. ఖర్చుకు నా వంతు ఇప్పుడే వ్రాసుకొనవచ్చును.

మా అమ్మాయి ప్రశ్నకు నాకిప్పుడు జవాబు తోచినది. అమ్మా, అది వాళ్ళ పండుగే. మీనాక్షి వాళ్ళ బిడ్డ, అళగరు వాళ్ళ దేవుడు, వైగై వాళ్ళ ఏరు. మనవారిలో ఒకరు ఆ పెండ్లికి ముహూర్తం కుదిర్చినారు. వేలమంది మనవారు ఆ తేరుకు చెయ్యి వేసినారు. చెయ్యి వేసినవాడు చుట్టం కాడు, ఇంటివాడే. అవ్వ చెప్పినదే సరి.

సోదర సోదరీమణులందరికీ, పిల్లలకూ నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఈ చిత్రా పూర్ణిమకు అళగరు ఆకుపచ్చ పట్టు కట్టుగాక, అందరి ఇంట పంట పండుగాక!