ఆరోగ్యవరం నుంచి ఇంటికి: చిత్తూరు సీమలో దీర్ఘవ్యాధి భారం

దీర్ఘవ్యాధుల చరిత్రను మందుల చరిత్రగా రాయడం పరిపాటి. రోగికి పడక, తిండి, తోడు ఎవరు సమకూర్చారన్న ప్రశ్న అందులో మరుగునపడుతుంది. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో 1912లో డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ పర్యవేక్షణలో మొదలైన క్షయ చికిత్సాలయం 1915లో సమీపంలోని ఆరోగ్యవరానికి తరలింది. క్షయకు మందు లేని కాలమది. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. నెలల తరబడి రోగి భారాన్ని సంస్థే మోసింది. అయితే పడక దొరికినవారికి మాత్రమే.

మందులు వచ్చాక, 1956లో మద్రాసులో నెలకొన్న క్షయ పరిశోధన కేంద్రం ఇంటివద్ద చికిత్స పొందినవారూ శానటోరియంలో ఉన్నవారూ దాదాపు సమానంగానే కోలుకుంటున్నారని 1959లో వెల్లడించింది. పడక దొరకని పేదలకు అది పెద్ద మేలు. కాని సేవాభారం సంస్థ నుంచి ఇంటికి, ముఖ్యంగా ఇంటి ఆడవారికి, బదిలీ అయింది. ఏ లెక్కల్లోకీ ఎక్కని బదిలీ అది.

వార్ధక్యంతో పెరిగే మధుమేహం, రక్తపోటు, మూత్రపిండ వైఫల్యం ఇప్పుడు ఆ ఇళ్లకే చేరాయి. క్షయలా ఇవి కొన్ని నెలల మందులతో ముగిసేవి కావు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 1993లో నెలకొల్పిన స్విమ్స్, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ చికిత్సను చేరువ చేశాయి. 2024లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలకు పెరిగింది; డయాలసిస్ రోగుల పింఛను 10,000 రూపాయలు. ఆ సొమ్ము రోగి పేరున వస్తుంది. డయాలసిస్‌కు వారానికి రెండు మూడు సార్లు వెంట వెళ్లే కొడుకో కోడలో పోగొట్టుకొనే కూలికి మాత్రం పద్దు లేదు.