స్తూపం ఇటుకలు ఏమైనవి?

మాఘ పౌర్ణమికి సాగరసంగమ స్నానానికి పాలకాయతిప్ప వెళ్ళే మన పెన్షనరు సోదరులు హంసలదీవి వేణుగోపాలస్వామిని దర్శించుకొని ఇల్లు చేరుకుంటారు. తిరుగు ప్రయాణంలో ఘంటసాలలో ఒక పూట ఆగవలసిందని మనవి. అక్కడి బౌద్ధ స్తూపం కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉంది. రెండవ శతాబ్దిలో టాలెమీ పేర్కొన్న ‘కంటకొస్సిల’ ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. ఇక్కడి శిల్పాలు కొన్ని పారిస్‌లోని గీమే మ్యూజియంలో ఉన్నాయి. చూడాలంటే పాస్‌పోర్టు కావాలి!

కృష్ణ ఆవలి ఒడ్డున భట్టిప్రోలు కథ మరీ బాధాకరం. మన వంటి సర్కారు ఉద్యోగుల చేతి మీదుగానే జరిగింది గనుక దాచకుండా చెప్పుకోవాలి. 19వ శతాబ్దంలో అక్కడి స్తూపం ఇటుకలను రోడ్డు పనికీ, పాలరాతి పలకలను కాలువ తూముకూ వాడేశారు. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రీ తవ్విస్తే ధాతు కరండాలూ, కుబిరక రాజు పేరున్న శాసనాలూ బయటపడ్డాయి. రోడ్డు కింద పడినవాటిలో ఏమేమి పోయినవో!

మన సభ్యులలో రెవెన్యూవారికి 1878 నాటి నిక్షేపాల చట్టం తెలిసినదే. భూమిలో 10 రూపాయలకు మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 2010 సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషిద్ధం; ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. ఇళ్ళు కట్టుకొనే పిల్లలకు ఈ సంగతి చెప్పండి. చెరువు పూడికలో చెక్కిన రాయి కనబడితే తహశీల్దారుకు ఒక అర్జీ పెట్టండి. అర్జీలు వ్రాయడం మనకు కొత్త కాదు గదా!