చెవుల్లో హోరు ఎందుకు వస్తుంది? డాక్టర్‌ దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

ఇంట్లో అందరూ పడుకున్నాక, టీవీ కట్టేశాక, కొందరికి చెవిలో ఒక శబ్దం మొదలవుతుంది. ఒకరికి కీచురాయి అరిచినట్టు, ఒకరికి ఈల వేసినట్టు, మరొకరికి సముద్రపు హోరులా ఉంటుంది. పక్కనున్నవారికి మాత్రం ఏమీ వినిపించదు. బయట శబ్దమేదీ లేకుండా ఇలా వినిపించడాన్ని వైద్యులు ‘టిన్నిటస్’ అంటారు.

ఇది దానంతట అదే ఒక జబ్బు కాదు, మరో సమస్యకు లక్షణం. ప్రపంచవ్యాప్తంగా పెద్దవారిలో సుమారు 14 శాతం మందికి ఈ అనుభవం ఉందని 2022లో జామా న్యూరాలజీ పత్రికలో వచ్చిన విశ్లేషణ అంచనా వేసింది.

శబ్దం ఎక్కడ పుడుతుంది?

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో వేల సంఖ్యలో సూక్ష్మమైన రోమ కణాలుంటాయి. శబ్ద తరంగాలను ఇవి నాడీ సంకేతాలుగా మార్చి మెదడుకు పంపుతాయి. ఒకసారి దెబ్బతింటే ఇవి మళ్లీ పుట్టవు. వాటి నుంచి రావాల్సిన సంకేతాలు తగ్గినప్పుడు, మెదడు ఆ లోటు పూడ్చుకోవడానికి తన స్పందనను పెంచుకుంటుందని, ఆ ప్రయత్నంలోనే లేని శబ్దం వినిపిస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. అందుకే చాలామందిలో హోరుతోపాటు ఎంతో కొంత వినికిడి లోపమూ బయటపడుతుంది.

ప్రధాన కారణాలు

పెద్ద శబ్దాలు: ఊరేగింపుల్లో డీజేలు, టపాసులు, కార్ఖానాల్లో యంత్రాలు, గంటల తరబడి ఇయర్‌ఫోన్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినొచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే 4 గంటలు మాత్రమే.

వయసు: అరవై దాటాక వినికిడి తగ్గడంతోపాటు హోరు కూడా రావొచ్చు.

గులిమి, ఇన్ఫెక్షన్: గులిమి గట్టిపడి అడ్డుపడినా, చెవిలో చీము పట్టినా హోరు వస్తుంది. వీటికి చికిత్స చేస్తే చాలాసార్లు తగ్గిపోతుంది.

మందులు: ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్, క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్ వంటివి చెవిపై ప్రభావం చూపవచ్చు. అలాగని సొంతంగా మందు ఆపేయకూడదు, వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

ఇతర సమస్యలు: దవడ కీలు నొప్పి, తలకు దెబ్బ, తల తిరుగుడుతో వచ్చే మెనియర్స్ వ్యాధి.

ఆలస్యం చేయకూడనివి

ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకపోతే అది అత్యవసర పరిస్థితి. స్టెరాయిడ్ చికిత్స ఎంత త్వరగా మొదలైతే వినికిడి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ. ‘జలుబు వల్లేమో, అదే తగ్గుతుందిలే’ అని వారాలు గడిపితే ఆ అవకాశం చేజారిపోవచ్చు. హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె లయకు తగ్గట్టు కొట్టుకుంటున్నా, విపరీతంగా తల తిరుగుతున్నా, ముఖం ఒకవైపు వంకరపోయినా వెంటనే వైద్యులకు చూపించాలి.

చికిత్స ఉందా?

ఈఎన్‌టీ డాక్టర్‌ చెవిని పరీక్షించి, అవసరమైతే వినికిడి పరీక్ష (ఆడియోమెట్రీ) చేయిస్తారు. కారణం దొరికితే ముందు దానికే చికిత్స. హోరును పూర్తిగా పోగొట్టే మాత్ర ఇప్పటివరకు లేదు. అయితే దాని బాధను తగ్గించే మార్గాలున్నాయి. వినికిడి లోపం ఉన్నవారికి వినికిడి యంత్రం పెడితే బయటి శబ్దాలు బాగా వినిపించి, హోరు వెనక్కి తగ్గుతుంది. దానిమీదే ధ్యాస పోకుండా, భయపడకుండా ఉండేందుకు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మానసిక చికిత్స ఉపయోగపడుతుందని అధ్యయనాల్లో తేలింది. నిశ్శబ్దంలో హోరు ఎక్కువగా తెలుస్తుంది కాబట్టి, నిద్రపోయేటప్పుడు ఫ్యాన్ చప్పుడో, సన్నని సంగీతమో ఉంటే కొంత ఊరట.

చెవిలో పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్‌బడ్ పెట్టడం, కాచిన నూనె పోయడం మాత్రం మానుకోవాలి. గులిమి ఇంకా లోపలికి పోవచ్చు, కర్ణభేరి చిరిగిపోవచ్చు. అప్పటిదాకా నయమయ్యే సమస్యగా ఉన్నది శాశ్వత నష్టంగా మారవచ్చు.